ఎర్రచీర దగ్గర ఆగిపోయిన ఉత్తరం

2018 నవంబరు 12, సోమవారం. విజయవాడ, మొగల్రాజపురం, మా ఆఫీసు రెండో అంతస్తులో మీటింగు గది. హాజరైనవారు: ప్రొడక్షన్ మేనేజరుగా నేను, సీనియర్ కోడర్ శైలజ, టెస్టింగు చూసే బాషా, మంగళగిరి నుంచి వచ్చిన చేనేత చీరల వ్యాపారి వీరరాఘవయ్య గారు. ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు ఆసుపత్రి మంచం మీద నుంచి ఫోనులో.

ఆనాటి నా డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. మీటింగు ఏదైనా ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం ప్రెస్సులో పనిచేసిన రోజుల నుంచీ నాకు అలవాటు. నేను ఉద్యోగంలో చేరింది అచ్చు కంపోజింగులో. తర్వాత డీటీపీ, ఆ తర్వాత వెబ్‌సైట్లు. చివరి ఏళ్లన్నీ ఈమెయిళ్లు తయారుచేసే విభాగంలో గడిచాయి. రిటైరైందీ అక్కడే.

ఈమెయిళ్లు తయారుచెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా బంధువులు అడిగేవారు. బ్యాంకులు, దుకాణాలు, కాలేజీలు పంపే మెయిళ్లలో రంగులు, బొమ్మలు, నొక్కడానికి బటన్లు ఉండటం మీరు చూసే ఉంటారు. వాటి వెనక హెచ్‌టీఎంఎల్ అనే కోడు ఉంటుంది. వెబ్‌సైటుకీ అదే కోడు. అయితే వెబ్‌సైటు చూపించే బ్రౌజర్లు కాలంతో పాటు మారాయి, మెయిలు చూపించే ప్రోగ్రాములు అంతగా మారలేదు. ఒకటి బొమ్మల్ని దాచేస్తుంది. ఇంకొకటి రంగుల్ని పట్టించుకోదు. ఆఫీసుల్లో ఎక్కువగా వాడేదొకటి మెయిలుని, ఉత్తరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేరు కళ్లతో చదువుతుంది. అందుకని మేము ఇరవై ఏళ్ల కిందటి పద్ధతిలోనే రాసేవాళ్లం. పట్టిక, పట్టికలో గళ్లు, గడిలో మళ్లీ ఇంకో పట్టిక. ప్రతి గడికీ వెడల్పు, రంగు, అక్షరం సైజు అక్కడికక్కడే రాయాలి. కొత్తగా చేరిన ఇంజినీర్లు ఇది చూసి నవ్వేవారు. నెల తిరిగేసరికి వాళ్లూ నోరుమూసుకుని పట్టికలే రాసేవారు.

అచ్చులో పేజీలు బిగించిన ఫారం మిషనెక్కిందంటే అందరికీ అదే కాగితం చేరుతుంది. మెయిలు అలా కాదు. మనం పంపేది ఒకటే అయినా, చదివేవాళ్ల దగ్గర ఎన్ని ప్రోగ్రాములుంటే అన్ని రూపాలు. ఆ రూపాలన్నీ పంపక ముందే చూసి, సరే అని రాసి ఇవ్వడం బాషా పని. అతను రాసిచ్చాక విడుదల సంతకం నేను పెట్టేవాణ్ణి.

వీరరాఘవయ్య గారి కొట్టు మాకు పెద్ద ఖాతాదారు కాదు. మంగళగిరి మెయిన్‌రోడ్డు మీద చిన్న కొట్టు, వెనక సందులో గుంట మగ్గాలు. సరుకు సంగతి ఆయన చూసుకునేవారు. కొన్నవాళ్లతో మాటలు మాత్రం కోటేశ్వరమ్మ గారివి. చీర కొన్న ప్రతివాళ్ల మెయిలూ ఆవిడ అడిగి రాయించుకునేవారు. నెలకోసారి వాళ్లందరికీ ఒక ఉత్తరం వెళ్లేది. దాన్ని ఉత్తరం అనే అనాలి. మొదట కుశల ప్రశ్నలు. తర్వాత ఆ నెల మగ్గం మీద నుంచి దిగిన చీరలు, ఒక్కొక్కదాని పక్కన నాలుగు మాటలు. ఎవరు నేశారు, నిజాం అంచుకి ఆ రంగే ఎందుకు పెట్టారు, నేసేటప్పుడు ఇంట్లో ఏం జరిగింది. చివర ఎప్పుడూ ఒకటే వాక్యం: “ఇట్లు, మీ కోటేశ్వరమ్మ.”

మా దగ్గరికి వచ్చిన మొదటి నెలలోనే ఆవిడ మా తప్పు పట్టుకున్నారు. మెయిల్లో బొమ్మ ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క వచ్చేట్టు పెట్టడం మా డిజైనులో ఒక పద్ధతి. బొమ్మలో మనిషి మాటల వైపు చూస్తున్నట్టు ఉండాలని కొన్ని ఫొటోల్ని అద్దంలోలాగా తిప్పేసేవాళ్లం. మెయిలు వెళ్లిన గంటకి ఆవిడ ఫోను.

“ఏమండీ మూర్తిగారూ, మీ ఆఫీసులో ఆడవాళ్లు లేరా? ఆ పిల్లకి పైట కుడి భుజం మీదకొచ్చిందేంటండీ? మేం ఎడమ పక్క వేసి పంపిస్తే మీరెటు తిప్పారు?”

శైలజ పక్కనే ఉంది. “నేనున్నానమ్మా, నేనే చూసుకోలేదు” అంది.

“చుడీదార్లు వేసుకునేవాళ్లకి ఎలా తెలుస్తుందిలే. ఈసారి వచ్చి ఒక చీర పట్టుకెళ్లు, కట్టుకుని చూస్తే తెలుస్తుంది.”

ఆ నెల నుంచి మనుషులున్న ఫొటో ఏదీ తిప్పకూడదని నియమం పెట్టుకున్నాం. శైలజ నిజంగానే వెళ్లి చీర తెచ్చుకుంది. అప్పటి నుంచి ఆవిడ ఉత్తరం వేరే ఎవరికీ ఇవ్వనిచ్చేది కాదు.

నవంబరు 12న వీరరాఘవయ్య గారు వచ్చింది చివరి ఉత్తరం కోసం. ఆవిడకి జబ్బని ఎండాకాలంలో తెలిసిందట. మాకు చెప్పలేదు. అప్పటికి పది రోజులుగా సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టర్లు చెప్పాల్సింది చెప్పేశారని, కొట్టు మూసేస్తున్నామని ఆయన తల వంచుకుని చెప్పారు. “నాకేం తెలీదండీ ఈ మెయిళ్ల సంగతి. ఆవిడ ఒక్కటి అడిగింది. అది జరిగితే చాలు” అని ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కారు.

ఆవిడ గొంతు సన్నబడింది గానీ ధోరణి అదే. ఇన్నేళ్లలో నేయించిన వాటిల్లో తనకి ఇష్టమైన పన్నెండు చీరలు ఎంచి పెట్టారు. ఫొటోలు ఆయన సంచీలో ఉన్నాయి. ఒక్కొక్కదాని కథ ఆవిడ చెప్పగా ఆయన ఫోనులో రికార్డు చేసుకొచ్చారు. ఎప్పట్లాగే కుశలంతో మొదలుపెట్టి, చీరల మీదుగా వెళ్లి, చివర ఈ మాటలు ఉండాలన్నారు. నేను అక్కడికక్కడే రాసుకున్నాను.

“ఇక నా సంగతి. ఒంట్లో బాగోలేదు. కొట్టు మూసేస్తున్నాం. మీకమ్మిన చీరల్ని నేను మడతల్లోనే చూశాను, మీరు కట్టుకోగా చూసింది తక్కువ. నా దగ్గర కొన్న చీర కట్టుకుని ఒక ఫొటో తీసి పంపుతారా? పాతబడ్డా, వెలిసినా ఫరవాలేదు. చూడాలని ఉంది. ఇట్లు, మీ కోటేశ్వరమ్మ.”

తర్వాత శైలజ ఉద్యోగం ప్రకారం చెప్పాల్సింది చెప్పింది. మెయిలు మొత్తం చదివేవాళ్లు తక్కువ. అసలు విషయం మొదట్లోనే, తెర కిందికి జరపకుండా కనపడాలి. దాని కింద ఒక బటన్ ఉండాలి. ఇది మా వృత్తిలో మొదటి పాఠం.

“అమ్మా, ఫొటో అడిగే మాట పైన పెడదాం. ‘ఫొటో పంపండి’ అని ఒక బటన్ పెడితే ఎక్కువమంది పంపుతారు.”

“బటనా? కరెంటు బిల్లు కట్టమన్నట్టు ఉంటుందే తల్లీ.”

“అది కాదమ్మా…”

“ఎవరింటికన్నా వెళ్తే గుమ్మంలోనే చెయ్యి చాపుతామా? బావున్నారా అంటాం, కూచుంటాం, నాలుగు కబుర్లు చెప్పుకుంటాం. అడిగేదేదో లేచేటప్పుడు అడుగుతాం. వాళ్లు నన్నెరిగినవాళ్లే. చివరిదాకా చదువుతారు.”

శైలజ నా వైపు చూసింది. ఉత్తరం ఆవిడది. ఆవిడ చెప్పినట్టే చెయ్యమన్నాను. ఆ నిర్ణయం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు.

శైలజ రెండు రోజుల్లో కట్టేసింది. పన్నెండు చీరలకి పన్నెండు పట్టికలు, ఫొటో రాకపోయినా దాని స్థానంలో చీర పేరు కనపడే ఏర్పాటు, ఫోనులో చూస్తే ఒకదాని కింద ఒకటి పడేట్టు కొలతలు. బాషా అన్ని ప్రోగ్రాముల్లోనూ చూసి సరే అని రాసిచ్చాడు. మెయిలు బరువు కూడా చూశాడు. కోడుకి బరువుంటుంది. ఎక్కువమంది వాడే ఉచిత మెయిలొకటి నూరు కిలోబైట్లు దాటి కాస్త వెళ్లగానే మిగతాది కత్తిరించి, కింద ఒక చిన్న ఇంగ్లీషు లైను పెడుతుంది. మొత్తం చూడాలంటే దాన్ని నొక్కాలి. మన మెయిలు ఆ గీతకి ఇవతలే ఉంది.

గురువారం పొద్దున విడుదల. ఆ ఉదయమే వీరరాఘవయ్య గారు ఫోను చేశారు. ఆవిడకి రాత్రి ఇంకో రెండు చీరలు గుర్తొచ్చాయట. వాటికి ఫొటోలు లేవు, ఎప్పుడో అమ్ముడుపోయాయి. వాటి కథలు చెప్పింది, చేర్చగలరా అన్నారు. అవి రెండూ మొదట్లో, కుశలం అయిన వెంటనే రావాలట.

ఇక్కడ మా హైదరాబాదు హెడ్డాఫీసు మాన్యువల్లో ఉన్న ఒక నియమం చెప్పాలి. పరీక్ష పూర్తయిన మెయిల్లో బొమ్మలూ పట్టికలూ ముట్టుకోకుండా మాటలు మాత్రమే చేరిస్తే మళ్లీ పూర్తి పరీక్ష అక్కర్లేదు, ప్రూఫ్ చదివితే చాలు. మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేరు కిటికీలోనే నేరుగా దిద్దుకోవచ్చు. మేమందరం ఏళ్ల తరబడి పాటించిన నియమమే అది. శైలజ ఆ రెండు పేరాలూ నేరుగా చేర్చి భద్రం చేసింది. నేను ప్రూఫ్ చదివాను. ఒక్క అక్షరం తప్పు లేదు. సంతకం పెట్టాను. మెయిలు వెళ్లింది. మాకు వచ్చిన ఆఫీసు కాపీలో చివరి “ఇట్లు” దాకా అంతా ఉంది. ఆసుపత్రిలో వీరరాఘవయ్య గారి ట్యాబ్‌లోనూ అంతా ఉంది. ఆవిడ చదివించుకుని బావుందన్నారట.

ఆదివారం ఆవిణ్ణి చూడటానికి వెళ్లాను. కార్తీకమాసం కావడంతో ఆసుపత్రి మెట్ల దగ్గర కూడా ఎవరో దీపం పెట్టారు. ఆవిడ మంచం వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. ట్యాబ్ ఒళ్లో ఉంది.

“రండి మూర్తిగారూ. శైలజకి చెప్పండి, ఈసారి పైటలన్నీ ఎటుండాలో అటే ఉన్నాయని.”

చెప్తానన్నాను. జవాబులు వచ్చాయా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సిందేమో.

“వచ్చాయి. ఆకుపచ్చది ఉందా అన్నారు. పార్సిలు ఎన్నాళ్లకొస్తుందన్నారు. చల్లపల్లిలో ఒక లెక్చరరమ్మ మాత్రం ఫొటో పంపింది. చూడండి.”

కాలేజీ స్టాఫ్‌రూములో నిలబడి తీయించుకున్న ఫొటో. పసుపు చీర, నీలం అంచు. కోటేశ్వరమ్మ గారు దాన్ని వేళ్లతో పెద్దది చేసి అంచు చూపించారు. “ఈ అంచుకి మా మగ్గం పిచ్చయ్య నన్ను ఎన్ని తిట్టుకున్నాడో” అన్నారు.

“మిగతావాళ్లు కూడా పంపుతారండీ. ఉత్తరం వెళ్లి ఇంకా మూడు రోజులేగా అయింది.”

“ఎందుకులెండి. ఎవరి పనులు వాళ్లవి. ఆ లెక్చరరమ్మ తప్ప ఒంట్లో ఎలా ఉందని కూడా ఎవరూ అడగలేదు.” ట్యాబ్ పక్కన పెట్టి అన్నారు, “నేనమ్మింది చీరలే కదండీ. చుట్టరికం అనుకున్నది నేను.”

వీరరాఘవయ్య గారు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. నేను వస్తానని చెప్పి లేచాను. బయటికొచ్చి ఏలూరు రోడ్డు దాకా నడిచి బస్సెక్కాను.

ఆ మాటే నన్ను ఆలోచనలో పడేసింది. ఫొటో పంపడానికి వీలు పడకపోవచ్చు. ఒంట్లో బాగోలేదని రాసిన మనిషిని అంతమందిలో ఇంకొక్కరు కూడా ఎలా ఉన్నారని అడగకుండా పార్సిలు సంగతి అడుగుతారా?

సోమవారం పొద్దున బాషా నా గదిలోకి వచ్చాడు. వాళ్ల వదిన హనుమాన్ జంక్షన్‌లో టైలరింగు షాపు నడుపుతుంది, కోటేశ్వరమ్మ గారి పాత ఖాతాదారు. ఆదివారం అతను అన్నగారింటికి భోజనానికి వెళ్తే ఆమె అడిగిందట.

“సార్, మా వదిన ఏమన్నదంటే, ‘మీ కోటేశ్వరమ్మ గారు ఈసారి ఇట్లు అని పెట్టలేదేంటి బాషా? ఎర్రచీర దగ్గర ఆగిపోయింది ఉత్తరం. మర్చిపోయారా, ఒంట్లో బాలేదా?’ అంది. ఫోను తీసి చూపించింది. నిజంగానే ఎర్రచీర దగ్గర ఆగిపోయింది సార్. కింద ఇంగ్లీషులో చిన్న లైను.”

శైలజని పిలిచాను. ముగ్గురం కూర్చుని పంపిన కోడు తీసి చూస్తే కారణం పావుగంటలో తేలింది. శైలజ రాసిన ఫైలులో తెలుగు అక్షరాలు తెలుగు అక్షరాలుగానే ఉన్నాయి. అలా ఉన్నా కంప్యూటర్లో ఒక తెలుగు అక్షరం మూడు ఇంగ్లీషు అక్షరాలంత చోటు తీసుకుంటుంది. గుణింతం గుర్తుకి మళ్లీ అంత. పంపే సాఫ్ట్‌వేరు కిటికీలో ఏదైనా దిద్ది భద్రం చేస్తే, అది మెయిలు మొత్తంలో ఉన్న ప్రతి తెలుగు అక్షరాన్నీ, ప్రతి గుణింతాన్నీ ఒక అంకెల కోడుగా మార్చేస్తుంది. ఒక్కో కోడు ఏడు ఇంగ్లీషు అక్షరాలంత. కంటికి తేడా కనపడదు, చదవడానికి అదే ఉత్తరం. బరువు మాత్రం గీత దాటి చాలా దూరం పోయింది. ఆ నియమం రాసినవాళ్లు ఇంగ్లీషు మెయిళ్లని దృష్టిలో పెట్టుకుని రాశారు. ఇంగ్లీషులో రెండు పేరాలు చేరిస్తే ఏమీ కాదు. మా ఆఫీసు మెయిలుకీ, వీరరాఘవయ్య గారి ట్యాబ్‌లో ఉన్న కొట్టు మెయిలుకీ, చల్లపల్లి లెక్చరరు చూసుకున్న కాలేజీ మెయిలుకీ కత్తిరించే అలవాటు లేదు. జాబితాలో ఎక్కువమంది వాడేది మాత్రం ఆ ఉచిత మెయిలే.

వాళ్లు కుశలం చదివారు. చీరల కబుర్లు చదివారు. ఆవిడ అడిగిన మాట వాళ్ల దాకా రానేలేదు.

“ఫైలులో దిద్ది మళ్లీ ఎక్కించి ఉంటే అయిపోయేది సార్. ఐదు నిమిషాల పని” అంది శైలజ. నియమం అనుమతించిన పనే చేశావని చెప్పాను. “ఆవిడకి చెప్పండి సార్ ఆ నియమం” అంది. ఆమె నాతో అలా మాట్లాడటం అదే మొదలు, అదే చివర.

హెడ్డాఫీసుకి ఫోను చేశాను. ఈ ఖాతా చూసే మేనేజరు కుర్రవాడు కాదు, అనుభవం ఉన్నవాడే. ఒకే జాబితాకి వారంలో రెండోసారి అదే మెయిలు పంపితే స్పాము ఫిర్యాదులు వస్తాయి, మన సర్వరు పేరు చెడుతుంది, మిగతా ఖాతాదారుల మెయిళ్లకి కూడా ఇబ్బంది అన్నాడు. అది నిజమే. గురువారం దాకా ఆగమన్నాడు. మనిషి ఆసుపత్రిలో ఉందని చెప్పాను. అయితే మీ బాధ్యత మీద పంపుకోండి, రాతపూర్వకంగా పెట్టండి అన్నాడు. పెట్టాను.

మధ్యాహ్నం శైలజ, నేను ఆసుపత్రికి వెళ్లాం. ఒక్క రోజులో ఆవిడ బాగా దిగిపోయారు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. సాయంత్రం ఐసీయూకి మారుస్తారని వీరరాఘవయ్య గారు గుమ్మంలోనే చెప్పారు. నేను మంచం పక్కన కుర్చీ లాక్కుని, సాంకేతికం ఏదీ లేకుండా చెప్పాను.

“అమ్మా, పొరపాటు మాది. మీ ఉత్తరం చివర తెగిపోయింది. ఫొటో అడిగిన మాట, మీ ఒంటి సంగతి వాళ్లెవరూ చదవలేదు.”

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

“అంటే… వాళ్లకి తెలీదా?”

“తెలీదండి.”

కళ్లు మూసుకున్నారు. కోప్పడతారనుకున్నాను. “అయ్యో, మనసులో ఎన్నేసి అనుకున్నానో వాళ్లని” అన్నారు.

శైలజ ఏడ్చింది. ఆవిడ కళ్లు తెరిచి, “ఏడవకే. ఈసారి పొట్టిగా చెప్తా, రాసుకో” అన్నారు. ఇక్కడ కూడా శైలజ ఒక్క ప్రయత్నం చేసింది, అడిగేది ముందు పెడదామమ్మా అని. ఆవిడ తల అడ్డంగా ఊపారు. “అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను” అన్న మాటతోనే మొదలైంది. రెండో వాక్యం, కిందటి ఉత్తరం చివర తెగిపోయినందుకు ఏమీ అనుకోవద్దని. తర్వాత అడగాల్సింది. ఇట్లు, మీ కోటేశ్వరమ్మ.

ఆఫీసుకి వచ్చి శైలజ దాన్ని ఉత్త అక్షరాలుగా కట్టింది. పట్టిక లేదు, బొమ్మ లేదు, రంగు లేదు. ఆమె ఉద్యోగంలో చేసిన మెయిళ్లన్నిటిలోకీ తేలికైనది అదే అయి ఉంటుంది. బాషా ఆఫీసులో ఉన్న ప్రతి ఫోనులోనూ, కింద వాచ్‌మన్ ఫోనులోనూ తెరిచి “ఇట్లు” దాకా వేలు జరిపి చూశాడు. పొద్దుగుంకే వేళకి పంపాం. ఆ రోజు శైలజకి కార్తీక సోమవారం ఉపవాసం. చుక్క కనపడ్డాక తినాలి. మెయిలు వెళ్లాక కిటికీ దగ్గరికి వెళ్లి చూసి, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఏమైనా తిన్నదో లేదో నేను అడగలేదు.

మర్నాడు, మంగళవారం ఉదయం, ఆఫీసుకి వెళ్లే ముందే ఆసుపత్రికి వెళ్లాను. వీరరాఘవయ్య గారు ఐసీయూ బయట బెంచీ మీద, ట్యాబ్ రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి పక్కకి జరిగారు.

ఫొటోలు వచ్చాయి. రాత్రి నుంచీ వస్తూనే ఉన్నాయట. వంటింట్లో నిలబడ్డవాళ్లు, మేడ మీద, బ్యాంకు కౌంటరు వెనక, బడి వరండాలో. ఒకామె చీర చిరిగిపోయిందని దాంతో కుట్టించిన పిల్లల గౌను పట్టుకుని నిలబడింది. బాషా వదిన మిషను ముందు కూర్చుని ఉంది. అందరూ ఫొటో కింద ఒకటే అడిగారు: ఎలా ఉన్నారమ్మా అని. మేము చూస్తుండగానే ఇంకొకటి వచ్చింది.

“ట్యాబ్ లోపలికి తేకూడదన్నారండీ. ఫోనులూ వద్దట” అన్నారాయన. “పొద్దున ఐదు నిమిషాలు వెళ్లనిచ్చారు. చెవి దగ్గర చెప్పాను. ఫలానా ఊరు, ఫలానా రంగు, అంచు ఇదీ అని. నాకు గుర్తున్నంత వరకు చెప్పాను.”

“వింటున్నారా అండీ?”

“తెలీదు. కళ్లు తెరవలేదు.” ఆయన ట్యాబ్ నా వైపు తిప్పి ఒక ఫొటో, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి చూపించారు. చాలావరకు ఎవరికి వాళ్లు సెల్ఫీ తీసుకున్నవి. కొన్ని ఫోనుల్లో సెల్ఫీ అద్దంలోలాగే పడుతుంది. “చూడండి, సగంమందికి పైట కుడి భుజం మీదే ఉంది. అది కూడా చెప్పాను, మీవాళ్లందరూ పైట కుడి పక్క వేసుకున్నారే అని. పెదవి కదిలినట్టనిపించింది. నాకనిపించిందేమో.”

కోటేశ్వరమ్మ గారు ఆ గదిలోంచి మళ్లీ వార్డుకి రాలేదు.

ఆ ఉదయమే ఆఫీసుకి వెళ్లి మా విభాగం వరకు ఆ నియమం కొట్టేశాను. మాటలు మాత్రమే మార్చినా, ఒక్క అక్షరం మార్చినా, మొత్తం మెయిలు మళ్లీ పరీక్షకి వెళ్లాలి. పరీక్ష చదివేవాళ్ల భాషలో, వాళ్లు వాడే మెయిల్లో, చివరి అక్షరం కనపడేదాకా జరగాలి. బాషా దాన్ని ప్రింటు తీసి తన బల్ల ముందు అంటించుకున్నాడు. ముఖ్యమైనది మొదట్లో ఉండాలని మా వృత్తి చెప్తుంది, ఇప్పటికీ కొత్తవాళ్లకి అదే నేర్పుతారు. చివర అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల పద్ధతి మార్చడం మన పని కాదు. వాళ్ల చివరి లైను చేరిందో లేదో చూడటం మన పని.